చదవబుద్ధయ్యే పుస్తకం

పోయిన సంవత్సరం పొడుగునా నేను పుస్తకాలు సంతోషం కోసం చదివాను. తెలుగు సాహిత్యం పాఠం చెప్పి జీతం తీసుకునేవాడు ఈ మాటను పెద్ద విశేషంగా చెప్పుకోవటమేమిటని పాఠకులకు తోచవచ్చు. కాని అంతకు ముందు పది పన్నెండేళ్లుగా నేను ఆ పని చెయ్యలేదు. పాఠం కోసం చదివాను. సభలో మాట్లాడటానికి చదివాను. మిత్రుల పుస్తకాలకు ముందుమాటలు రాయటానికి చదివాను. వాదంలో ఎదుటివాడి నోరు మూయించటానికి చదివాను. "తరువాత ఏమైంది?" అన్న ఆత్రంతో దీపం ఆర్పకుండా కూర్చున్న రాత్రి ఏదని ఎవరైనా అడిగితే, నా విద్యార్థి దశకు వెళ్లి వెతుక్కోవలసి వచ్చేది.

ఇలా అడిగినవాడు ఒకడున్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం కుర్రవాడు, కెరమెరి వైపు గోండు గూడెం నుంచి ఆసిఫాబాద్ వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. ఒకనాడు క్లాసయ్యాక వరండాలో ఆగి, "సార్, చదవబుద్ధయ్యే బుక్కేదన్న ఉంటె ఇయ్యుండ్రి" అన్నాడు. నేను అంతకు రెండు నెలల క్రితమే ఒక సభలో ఆకాశానికెత్తిన నవల ఇచ్చాను. రచయిత మనవాడు, వస్తువు మనది, దృక్పథం మనది. నాలుగోనాడు కుర్రవాడు పుస్తకం తెచ్చి ఇస్తూ "మంచిగనే ఉంది సార్" అన్నాడు. గుర్తు కోసం పెట్టుకున్న బస్సు టిక్కెట్టు ముప్పయ్యో పేజీలోనే ఉండిపోయింది. ఆ "మంచిగనే ఉంది" అనే మాట నాకు బాగా తెలుసు. వేదికల మీద నేను అనే మాట అదే, కాకపోతే నేను దాన్ని అరగంటసేపు అంటాను. ఇంతకంటె సిగ్గుపడవలసిన సంగతి మరొకటుంది. ఆ నవలలో నేను కూడా నూరో పేజీ దాటలేదు. మిగిలినదంతా అట్ట వెనక రాసిన మాటల నుంచీ, రచయితతో జరిపిన సంభాషణ నుంచీ ఊహించి మాట్లాడాను. ఆ ఊహ తప్పని ఎవరూ అనలేదు. విన్నవాళ్లలో ఎంతమంది నూరో పేజీ దాటారో నాకు అనుమానమే.

ఇది ఒక్క నా తప్పే అయితే ఈ పత్రికలో రాయవలసిన పని లేదు. మన విమర్శలో ఇదొక రివాజు అయిపోయిందని నా ఆరోపణ. పుస్తకం ఏ పక్షాన ఉన్నదో చెప్పటానికి మనకు రెండు పేజీలు చాలు. చదివించిందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదన్నట్టు దాటేస్తాం. అందుకని ఒక సంవత్సరంపాటు చేతిలో పెన్సిలు లేకుండా చదవాలనీ, చదవబుద్ధి కానిచోట నిర్మొహమాటంగా ఆపాలనీ, ఆపిన పేజీ నంబరు ఒక నోటుబుక్కులో రాసుకోవాలనీ నియమం పెట్టుకున్నాను. ఏ పుస్తకం మీదా వ్యాసం రాయకూడదన్నది మరో నియమం. దాన్ని ఇప్పుడు ఉల్లంఘిస్తూనే ఉన్నాను.

సంతోషమంటే మనవాళ్లకు ఎందుకింత అనుమానం? దీనికి చరిత్ర లేకపోలేదు. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితలు మొదటి మహాసభ జరుపుకునే నాటికి ప్రపంచయుద్ధం జరుగుతున్నది, బెంగాలులో జనం తిండి లేక చస్తున్నారు. ఆ రోజుల్లో ఊహాప్రేయసి కోసం కన్నీరు కార్చే కవిత్వాన్ని చూసి ఒళ్లు మండటం సహజం. "కళ కళ కోసమే" అన్నవాళ్లతో వాదించినవాళ్లు "కళ ప్రజల కోసం" అన్నారు, సరిగానే అన్నారు. తరవాత 1970లలో, 80లలో వారపత్రికల సీరియళ్లు ఇళ్లల్లోకి వరదలా వచ్చినప్పుడు క్షుద్ర సాహిత్యమనే మాట పుట్టింది. చేతబడులూ, మేడల్లో ప్రేమలూ అమ్ముకునే వ్యాపారానికి ఆ పేరు తగినదే. అయితే ఈ రెండు తగవుల్లోనూ మనం గమనించని నష్టం ఒకటి జరిగింది. చదివితే వచ్చే సంతోషం ఆ వ్యాపారులదే అన్నట్టు వాళ్లకు అప్పగించి వచ్చాం. మనకు కర్తవ్యం మిగిలింది. ఒక నవలను "ఊపిరి తిప్పుకోనివ్వకుండా చదివిస్తుంది" అని మెచ్చుకుంటే అది తక్కువరకం మెప్పు అని మనలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు.

మార్క్స్ అలా అనుకోలేదు. ఆయన అల్లుడు లఫార్గ్ రాసిన జ్ఞాపకాల్లో మామగారి చదువు గురించి చెప్పిన సంగతులు మనవాళ్లు తరచుగా చెప్పుకోరు. మార్క్స్ సోఫా మీద పడుకొని నవలలు చదివేవాడట. ఒక్కొక్కప్పుడు రెండు మూడు నవలలు ఒకేసారి మొదలుపెట్టి ఒకదాని తరవాత ఒకటి మార్చి మార్చి చదివేవాడట. ఫీల్డింగు రాసిన 'టాం జోన్స్' ఆయనకిష్టం. వాల్టర్ స్కాటు ఇష్టం. అంతటితో ఊరుకోక పెద్ద డ్యూమా, పాల్ ద కాక్ వంటి, ఆనాటి పండితులు ముఖం చిట్లించుకునే రచయితలు కూడా ఇష్టమే. ఎస్కిలస్ నాటకాలు ఏటా గ్రీకు మూలంలో చదివేవాడన్న సంగతి మనం గొప్పగా చెబుతాం, పాల్ ద కాక్ సంగతి దాస్తాం. బాల్జాక్ ఆయనకు ఎంత ఇష్టమంటే ఆయన మీద పుస్తకం రాయాలనుకున్నాడు. అదే బాల్జాక్ రాజరిక పక్షపాతి అయి ఉండి కూడా తన పక్షానికి వ్యతిరేకమైన సత్యం ఎలా చూపగలిగాడో ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని మనం వాస్తవికతా సిద్ధాంతంగా పాఠం చెబుతాం. ఇష్టంగా, అనేకసార్లు, వివరాల్లో మునిగి చదివినవాడు తప్ప అటువంటి ఉత్తరం రాయలేడన్న సంగతి మాత్రం చెప్పం. ఇక బ్రెహ్ట్ ఉన్నాడు. ప్రేక్షకుడు నాటకంలో మునిగిపోకుండా ఆలోచించాలని పోరినవాడాయనే. ఆయనే 1948లో రాసిన నాటక సిద్ధాంతంలో, నాటకం మొదటి పని సంతోషపెట్టటమేనని ఏ దాపరికమూ లేకుండా ఒప్పుకున్నాడు. మన అలంకారికులకూ ఇది కొత్త కాదు. మమ్మటుడు కావ్యప్రయోజనాల పట్టికలో కీర్తినీ డబ్బునూ ఉపదేశాన్నీ చేర్చుతూ, చదివిన వెంటనే కలిగే పరమానందాన్ని కూడా చేర్చాడు. అలంకారశాస్త్రం నాకు ఎమ్మేలో ఒక పేపరు. ఆ పేపరులో మంచి మార్కులు తెచ్చుకొని ఈ ముక్క మరచిపోయాను.

నోటుబుక్కులో మొదటి పేరు కొమ్మూరి సాంబశివరావు. దీపావళి సెలవుల్లో డిటెక్టివ్ యుగంధర్ నవలలు రెండు ఒక్క రాత్రిలో చదివాను. ఆపిన పేజీ లేదు. ఆ సంతోషం అబద్ధమని నేననను. గదిలో ఎవరో ఉన్నారు, తలుపు లోపల గడియ వేసి ఉంది, హంతకుడెవరో తెలియాలి! ఆ ఆత్రంలో నా ఒంట్లో నిద్ర ఎటుపోయిందో తెలియలేదు. కాని వారం తిరిగేసరికి హంతకుడి పేరు కూడా గుర్తులేదు. రెండోసారి చదవబోతే పది పేజీలకు పుస్తకం పక్కన పడింది. చిక్కుముడి విడితే పుస్తకంలో మిగిలేది ఏమీ లేదు. ఇంకో సంగతి కూడా తోచింది. డిటెక్టివ్ నవలలో నేరం ఒక మనిషిది. ఆ మనిషి దొరికిపోతే లోకమంతా నిర్దోషి, మనం నిశ్చింతగా పడుకోవచ్చు. నన్ను నిద్రపోనివ్వని పుస్తకం చివరికి చేసే పని నన్ను నిద్రపుచ్చటమే. ఈ పరిశీలన నాకు చదవటం వల్ల వచ్చింది. చదవకుండా, "నేరపరిశోధక నవల పెట్టుబడిదారీ సమాజపు పుట్టుక" అని నేను ఇంతకు ముందు రెండుసార్లు రాసి ఉన్నాను. అప్పుడు నా మాటకు బలం లేదు.

దీని పక్కన 'మాలపల్లి' పెట్టి చూడండి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాయగా 1922లో వెలువడి, ప్రభుత్వ నిషేధానికి గురైన ఈ నవలను నేను ఎనిమిదేళ్లు పాఠం చెప్పాను. పూర్తిగా చదివింది పోయిన సంవత్సరమే. (ఈ వాక్యం మా విద్యార్థుల కంట పడకుండా ఉంటే బాగుండును.) రామదాసు తత్వగోష్ఠుల దగ్గర నోటుబుక్కు ప్రకారం మూడుసార్లు ఆగాను. ఆగానని చెప్పుకోవటంలో ఉన్నవవారికి అగౌరవమేమీ లేదు. కాని వెంకటదాసు తక్కెళ్ల జగ్గడుగా మారి ధనికుల మీద పడటం మొదలయ్యాక పుస్తకం కింద పెట్టలేకపోయాను. సాహసం, మారుపేరు, దోపిడి, పట్టుబడటం అన్నీ ఉన్నాయి. డిటెక్టివ్ నవల ఏ సరుకు అమ్ముతుందో ఉన్నవవారు ఆ సరుకే వాడుకున్నారు. తేడా ఎక్కడుందంటే, దొంగ పట్టుబడినంత మాత్రాన లోకం నిర్దోషి అయిపోదు. సంగదాసును చంపిన దెబ్బా, పాలేళ్ల కూలీ తగాదా మన కళ్ల ముందరే ఉంటాయి గనక నేరస్తుడెవరన్న ప్రశ్న ఆఖరి పేజీ తరవాత కూడా అలాగే ఉంటుంది. మన సాహిత్య చరిత్రలన్నీ 'మాలపల్లి'ని సంస్కరణకూ జాతీయోద్యమానికీ గుర్తుగా నిలబెట్టాయి. అందులో జనం వెర్రెత్తి చదివే గజదొంగ కథ ఒకటి ఉందనీ, అది నవలకు కళంకం కాదనీ, వెన్నెముక అనీ నాకు ఏ సాహిత్య చరిత్రా చెప్పలేదు.

'కన్యాశుల్కం' దగ్గర నాకు ఎక్కువ రోజులు గడిచాయి. ఒకసారి చదివి, వెంటనే మళ్లీ మొదలుపెట్టాను. గురజాడ ఈ నాటకాన్ని సంస్కరణ కోసం రాశానని స్వయంగా చెప్పుకున్నాడు. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా తిరగరాసి పెంచిన రెండో కూర్పు వచ్చింది. మనం చదివేది ఆ రెండోదే. ఇప్పుడొక ప్రశ్న. డబ్బు పుచ్చుకుని పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టే ఆచారం మీద యుద్ధమే ఈ నాటకం ప్రాణమైతే, ఆ ఆచారం పోయి వరకట్నం దాని నెత్తినెక్కిన ఇన్నేళ్ల తరవాత నాటకం ఎందుకు బతికుంది? ప్రయోజనం తీరిన పనిముట్లను మనం అటకెక్కిస్తాం కదా. నా మటుకు నాకు కనిపించిన జవాబు మాటల్లో ఉంది. గిరీశం నోరు విప్పితే చాలు, వాడు అబద్ధమాడుతున్నాడని తెలిసీ వినాలనిపిస్తుంది. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు మంచం కింద నక్కినవాళ్ల అవస్థ చదువుతూ ఒంటరిగా గదిలో పగలబడి నవ్వాను, పక్కవాటా వాళ్లు కిటికీలోంచి తొంగి చూశారు. ఆ నవ్వు అయ్యాక తోచిందేమంటే, నేను గిరీశం పక్షాన నవ్వుతున్నాను. వెంకటేశానికి చదువు చెప్పే వంకతో ఇంట్లో దూరి, వితంతువైన బుచ్చమ్మను వలలో వేసుకుంటున్నవాడి పక్షాన! వాడి ఆయుధాలు ఏమిటి? ఇంగ్లీషు ముక్కలు, ఉపన్యాసాలు, సంస్కరణ మాటలు. అంటే నా ఆయుధాలే. వేదిక మీద "మంచిగనే ఉంది" అని అరగంట మాట్లాడేవాడికి గిరీశం దూరపు చుట్టం కాడు. ఇంత పట్టివేత నాకు ఏ ఆత్మవిమర్శ సభలోనూ జరగలేదు. నవ్వించకపోతే జరిగేదీ కాదు. మొదట మనని నవ్వించి తనవైపు లాక్కొన్నాడు గనకనే తరవాత తప్పించుకునేందుకు దారి లేకపోయింది. సౌజన్యారావు పంతులు నిస్సందేహంగా మంచివాడు, నాటకంలో ధర్మమంతా ఆయన వైపే ఉంది. ఆయన మాట్లాడే పేజీలు నాకు గుర్తులేవు. ఈ ఒక్క సంగతి మీద మన అభ్యుదయ నవలాకారులు, సౌజన్యారావులనే నాయకులుగా పెట్టుకుని నవల మీద నవల రాసేవాళ్లు, కొంచెం ఆలోచిస్తే బాగుంటుంది.

'బారిస్టరు పార్వతీశం' కూడా చదివాను, నవ్వాను. మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా పోయిన ఆ అమాయకుడు నాకు మిత్రుడే అయ్యాడు గాని, ఆ నవ్వు నా లోపలికి దిగలేదు. కారణం నా ప్రాంతం కావచ్చు, నా లోపం కావచ్చు.

ప్రాంతమనగానే మన తెలంగాణ నవల సంగతి చెప్పాలి. వట్టికోట ఆళ్వారుస్వామి అంటే నాకు భక్తి. హోటల్లో పనిచేసి, అచ్చు తప్పులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని తిరిగి అమ్మిన మనిషి ఆయన. నైజాములో తెలుగు పుస్తకం చేతపట్టటమే ధిక్కారమైన రోజులవి. ఆ మనిషి రాసిన 'ప్రజల మనిషి'ని నేను భక్తితో మొదలుపెట్టాను. భక్తితో చదివితే ఏ పుస్తకమూ చదవబుద్ధి కాదు. రెండుసార్లు ఆగాను. మూడోసారి, ఆళ్వారుస్వామి ఎవరో తెలియని పాఠకుణ్ణి అనుకుని చదివాను. అప్పుడు దొర రామభూపాలరావు నడకా, ఊరిమీద ఆయన నీడా, వెట్టికి పిలిచే మనిషి గొంతూ వినిపించాయి. కంఠీరవం మాట్లాడటం మొదలుపెడితే ఇప్పటికీ నా కళ్లు పేజీ చివరికి పరుగెత్తుతాయి. నవలలో జీవం దొర దగ్గర ఎక్కువగా, ఉద్యమకారుడి దగ్గర తక్కువగా ఉండటం మన నవలల్లో తరచుగా కనిపించే జబ్బు. దొరలను మనవాళ్లు దగ్గర నుంచి భయంతో చూశారు. నాయకులను దూరం నుంచి గౌరవంతో చూశారు. ఏది బాగా రాస్తారో వేరే చెప్పాలా?

దాశరథి రంగాచార్య ఈ చిక్కు గ్రహించాడని నా అనుమానం. 1971లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన 'చిల్లర దేవుళ్లు' పైకి ఒక ప్రేమకథ. ఊరికి కొత్తగా వచ్చిన సంగీతం మాస్టారు, దేశ్‌ముఖు కూతురు. సినిమాకు పనికివచ్చే సరుకని విమర్శకుడు విసుక్కోవచ్చు, నిజంగానే 1977లో సినిమా తీశారు కూడా. కాని ఆ ప్రేమకథ చెయ్యిపట్టుకుని మనని గడీ లోపలికి తీసుకుపోతుంది. లోపల దొరసానితో పాటు అరణంగా వచ్చిన అడబాపల బతుకు కనిపిస్తుంది. ఆడపిల్లను సామానులాగ ఇచ్చిపుచ్చుకునే ఆ ఇంట్లో ప్రేమ అనే మాటకు అర్థమేమిటని మనం అడుక్కునే సమయానికి బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఉంటుంది. ప్రేమకథ లేకపోతే నా వంటి చదువరి గడీ గుమ్మం దగ్గరే వ్యాసం రాసుకుని తిరిగివచ్చేవాడు.

ఇంతవరకు రాసినది విని ఒక మిత్రుడు, కార్మిక సంఘంలో పనిచేసిన పెద్దమనిషి, గట్టిగా అడ్డం తగిలాడు. "సంతోషానికి తీరిక కావాలె. తీరికకు నెల జీతం కావాలె. నీకు రెండూ ఉన్నయి. నీ సోకును సిద్ధాంతం చేస్తున్నవు" అన్నాడు. ఈ మాటను కొట్టివెయ్యటానికి వీలులేదు. మా ఊళ్లో గ్రంథాలయంలో కుర్చీ ఖాళీ ఉండదు. కూర్చున్న పిల్లల చేతుల్లో ఉన్నవి పోటీ పరీక్షల గైడ్లు. నోటిఫికేషను పడుతుందో లేదో తెలియని ఉద్యోగం కోసం కళ్లు కాయలు కాచేటట్టు చదివే పిల్లవాడికి "నాయనా, కొంచెం సరదాకు చదువు" అని చెబితే వాడు నన్ను కొట్టకుండా ఉండటం వాడి మంచితనం. కాగజ్‌నగర్ మాకెంతో దూరం లేదు. అక్కడి సిర్పూరు కాగితం మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ మొదలైంది. మధ్యలో గడిచిన ఆ నాలుగేళ్లను ఎవరూ తీరిక అనరు.

అయితే మిత్రుడి మాటలోనే జవాబూ ఉంది. తీరిక కొందరిదే అయితే, అందరికీ తీరిక అడగాలి గాని తీరికతో చేసే పనిని తప్పుపట్టటమెందుకు? పనిదినం ఎన్ని గంటలన్నదాని మీద మార్క్స్ 'పెట్టుబడి'లో అంత పెద్ద అధ్యాయం రాసింది, మిగిలిన గంటలు మనిషివి కావాలనే. ఎనిమిది గంటల పని అడిగినవాళ్లు ఎనిమిది గంటల నిద్రతోపాటు ఎనిమిది గంటలు తమ ఇష్టానికి అడిగారు. ఆ ఇష్టపు గంటల్లో కార్మికుడి చేతికి మనం ఏ పుస్తకం ఇస్తాం? ముప్పయ్యో పేజీలో బస్సు టిక్కెట్టు ఆగిపోయే పుస్తకమా?

పిల్లల విషయంలో ఈ ప్రశ్నకు ఒకాయన జవాబిచ్చాడు. కొడవటిగంటి కుటుంబరావు అభ్యుదయ, విప్లవ సాహిత్యోద్యమాలు రెండింటితోనూ నడిచినవాడు, మధ్యతరగతి బతుకును కత్తితో కోసినట్టు రాసినవాడు. ఆయనే 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు 'చందమామ'లో రాక్షసుల కథలూ రాజకుమారుల కథలూ దిద్దాడు. పొట్టకూటి కోసం చేశాడని సరిపెట్టుకునేవాళ్లున్నారు. ఆ వాక్యాలు చదవండి. అంత తేట తెలుగు, ఒక్క మాట ఎక్కువ లేని తెలుగు, పొట్టకూటి కోసం అంతకాలం ఎవడూ రాయలేడు. తెలుగుదేశంలో లక్షల పిల్లలకు చదవటం సంతోషమని నేర్పినవాడు ఒక మార్క్సిస్టు. మనం ఆయన వ్యాసాల గురించి సభలు చేస్తాం.

ఇక ఆసిఫాబాద్‌లో కూర్చుని తప్పించుకోవటానికి వీల్లేని పుస్తకం 'కొమురం భీము'. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసి 1983లో వెలువరించిన నవల. 2016లో మా జిల్లాకు భీము పేరు పెట్టారు. బస్టాండులోనూ, ఆఫీసు బోర్డు మీదా, దరఖాస్తు ఫారం మీదా ఆ పేరు రోజూ చదువుతాం గనక నవల చదవనక్కరలేదన్న ధైర్యం మా ఊళ్లో చాలామందికి ఉంది. జోడేఘాట్ గుట్టల మీద 1940లో నిజాం పోలీసుల తుపాకులకు భీము కూలిపోయాడని నాకు మొదటి పేజీకి ముందే తెలుసు. అంటే డిటెక్టివ్ నవలకు ప్రాణమైన "తరువాత ఏమైంది" ఇక్కడ లేదు. అయినా రెండు రాత్రుల్లో చదివాను. పోడు కొట్టుకున్న భూమిలోంచి వెళ్లగొట్టటం, జంగ్లాతు వాళ్ల జులుం, పన్నెండు గూడేల పంచాయితీ. చావు దగ్గరపడుతున్న కొద్దీ పేజీలు నెమ్మదిగా తిప్పాను, తొందరగా అయిపోకూడదని. దుఃఖపడుతూ పుస్తకాన్ని వదలలేకపోవటం కూడా సంతోషమేనా? కరుణను రసాల్లో చేర్చినవాళ్లకు ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. నాకు తోచినది చెబుతాను. భీము చచ్చిపోయాడన్నది జిల్లా బోర్డు మీద ఉన్న సమాచారం. అతనికి లొంగటం, పారిపోవటం, బతికిపోవటం సాధ్యమేననీ, సాధ్యమై ఉండీ అలా చెయ్యలేదనీ గుట్టుగా తెలియటం నవల వల్ల కలిగిన అనుభవం. ఆ తెలియటంలో ఒక ఉత్సాహముంది. దాన్ని సంతోషమనకపోతే మరే మాట వాడాలో నాకు తెలియదు.

భీము గురించి చెప్పుకునే కథలో నాకు ఎప్పుడూ ఇష్టమైన ఘట్టం మరొకటుంది. చంపకతప్పని గొడవలో చిక్కుకుని ఊరు విడిచిన యువకుడు చాందాలో ఒక అచ్చాపీసులో చేరి, అక్కడ అక్షరాలు నేర్చుకుని, అస్సాం తేయాకు తోటల దాకా పోయి తిరిగివచ్చాడంటారు. సీసపు అక్షరాలు ఏరి పేర్చటంలో చదువు పట్టుబడటం! ఆ అచ్చాపీసులో అతను చదివినవాటిలో ఏది చదవబుద్ధయి చదివాడో చెప్పేవాళ్లు లేరు.

గోండులకు వినటంలో ఉన్న సంతోషం ఎటువంటిదో హైమెండార్ఫ్ 1948లో అచ్చయిన తన 'ఆదిలాబాద్ రాజగోండుల' గ్రంథంలో వివరంగా రాశాడు. ప్రధానులు తమ దాతలైన గోండు వంశాలకు కింగ్రీ వాయిస్తూ ఆ వంశాల పుట్టుక, దేవతల సంచారం పాడతారు. కథ అందరికీ తెలిసినదే, తాతలనాడే తెలిసినదే. తెలిసిన కథను రాత్రంతా మేలుకుని వింటారు. మనం చదవటమంటే ఒంటరి మనిషి, నిశ్శబ్దం, కొత్త కథ అనుకుంటాం. ఆ మూడూ లేకుండా సాహిత్యం అనుభవించే జనం మా ఊరికి ఇరవై మైళ్ల లోపల ఉండగా, విమర్శకుడినైన నేను దాన్ని జానపద విజ్ఞానం పేపరుకు వదిలిపెట్టాను. హైమెండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలై, గోండీలో వాచకాలు కూడా వచ్చాయి. ఆ ఏర్పాటు నిలవలేదు. ఇప్పటి గోండు పిల్లవాడు మొదటినుంచీ తెలుగులో చదువుతాడు. వాడికి అది ఇంట్లో మాట్లాడని భాష. ఆ భాషలో చదివిన పుస్తకం చదవబుద్ధి కాకపోతే తప్పు పిల్లవాడిదేనని నేను ఎన్ని పరీక్షాపత్రాల మీద ఎర్రసిరాతో రాశానో!

మా కుర్రవాడికి రెండోసారి 'ఏడు తరాలు' ఇచ్చాను. అలెక్స్ హేలీ పుస్తకానికి సహవాసి తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసింది. మూడోనాడే తెచ్చి ఇచ్చాడు. "మంచిగనే ఉంది" అనలేదు. కుంటా కింటే పారిపోయి దొరికిపోయిన సంగతి చెబుతూ వరండాలో నిలబడి మధ్యాహ్నం భోజనం గంట పోగొట్టుకున్నాడు. తరవాత 'కొమురం భీము' తీసుకున్నాడు. అది నెల గడిచినా రాలేదు. దసరా సెలవులకు ఇంటికి పట్టుకుపోయాడని తెలిసింది.

సెలవులయ్యాక వచ్చి అసలు సంగతి చెప్పాడు. వాళ్ల తాతకు చదువు రాదు. రాత్రిపూట వీడు పుస్తకం ముందర పెట్టుకుని, తెలుగులో ఒక్కొక్క వాక్యం చూసుకుని గోండీలో చెబుతూ పోయాడట. మొదటి రాత్రి తాత ఒక్కడే విన్నాడు, మూడో రాత్రికి ఇంటిముందు జాగా చాలలేదు. తాత మధ్యమధ్య చెయ్యెత్తి ఆపేవాడట. ఇక్కడ అట్లా జరగలేదు అని ఒకచోట, ఆ మనిషి పేరు తప్పు అని ఒకచోట, ఇది ఇంకోసారి చెప్పు అని కొన్నిచోట్ల. ఎక్కడెక్కడ ఆపాడో కుర్రవాడు అక్కడక్కడ పెన్సిలుతో గీత పెట్టుకొచ్చాడు. లైబ్రరీ పుస్తకం కాదు, నాదే, కాబట్టి నేనేమీ అనలేదు. గీతలు పదిహేడున్నాయి. వాటిలో పదకొండు తప్పులు పట్టినవి, ఆరు మళ్లీ చెప్పించుకున్నవి. ఆ ఆరింటిలో నాలుగు పేజీలను నేను రెండు రాత్రుల్లో చదివినప్పుడు ఆగకుండా దాటిపోయాను. ఇప్పుడు వాటి దగ్గర కూర్చున్నాను.